ఎవరిదీ కాని మలుపు

టిల్లో అనే ఏటి మలుపు దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. పోయిన చలికాలం నుంచి అక్కడ ఒక దీపం తిరుగుతోందనీ, దాని వెనక ఏదో మూలుగు వినిపిస్తోందనీ చెప్పుకుంటారు. గొర్రెల కాపరులు కూడా చుట్టుదారిన కొండెక్కి ఇల్లు చేరతారు.

ఏరు పెద్దదేం కాదు. సుద్దకొండ కింద ఊటలో పుట్టి, మా హాజిల్‌కోట్‌కీ అవతలి డన్‌మీర్‌కీ సరిహద్దుగా పారి, నాలుగు మైళ్లు పోయేసరికి పెద్ద నదిలో కలిసిపోతుంది. తాతల కాలంలో ఒక మిల్లు యజమాని తన చక్రం జోరుగా తిరగాలని దాని వంకరలన్నీ కోసి తిన్నగా తవ్వించాడు. ఎందుకో ఒక్క మలుపు వదిలేశాడు. పైనుంచి ఉరికొచ్చే నీళ్లు తమ కసంతా అక్కడే తీర్చుకుంటాయి. వరదొస్తే చచ్చిన గొర్రె, విరిగిన బండిచక్రం... ఏదైనా అక్కడికే కొట్టుకొస్తుంది. మాది కాదంటే మాది కాదని రెండు ఊళ్లూ దాన్ని అటూ ఇటూ తోసుకుంటాయి. అందుకే దానికి ‘ఎవరిదీ కాని మలుపు’ అని పేరు.

గొర్రె సంగతి సరే. మనిషైతే?

శవం ఏ గట్టుకి తగిలితే ఆ ఊరే పూడ్చాలి. పెట్టె, గొయ్యి, విచారణకి కూర్చున్న పెద్దమనుషులకి బీరు — అంతా ఆ ఊరి నెత్తినే. ఇదీ ఇక్కడి పద్ధతి.

పోయిన ఏడాది వరద రాత్రి హాజిల్‌కోట్ కాపలాదారు ఏమోస్ టక్‌వెల్ గడ పట్టుకుని గట్టు చూడ్డానికి వచ్చాడు. ఒక మనిషి బోర్లా తేలుతూ వచ్చి ఇవతలి గట్టుకి ఆనుకున్నాడు. ఏమోస్ చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. గడ ఆనించి — ఒక్క తోపు తోశాడు. చీకట్లో ఆ శరీరం అవతలి ఒడ్డువైపు మెల్లగా పోయింది. ఆయన ఇంటికొచ్చి వేడి సూపు తాగి పడుకున్నాడు.

మర్నాడు శవం ఎక్కడో దిగువన, మూడో ఊరి మిల్లు దగ్గర నీటిని ఆపే తలుపులకి తట్టుకుని దొరికింది. పేరూ ఊరూ తెలియని బాటసారిగా పూడ్చేశారు. వరదే లాక్కుపోయిందనుకున్నాడు ఏమోస్.

కానీ అప్పటినుంచి ఆయనకి కూడు సహించడం మానేసింది. చచ్చాడో బతికే ఉన్నాడో... వంగి చూడను కూడా చూడలేదే! ఏడాదిగా ఆ ఒక్క మాటే ఆయన్ని పురుగులా తొలిచేస్తోంది.

సరిగ్గా ఏడాది తిరిగిన రోజు, దీపం వెలిగించుకుని లేచాడు.

“ఏమయ్యా, ఈ ముసురులో ఎక్కడికి?” అంది భార్య హెస్టర్. “దెయ్యం కబురు పెట్టిందా?”

“పెడితే బాగుండును. దాన్ని ఒక మాట అడగాలి.”

మలుపు చేరేసరికి వాన సన్నబడింది. అవతలి గట్టు మీద... దీపం. దాని పక్కన లావుపాటి నీడ, మోకాళ్ల మీద.

“తప్పయిపోయింది...” అంటోంది ఆ నీడ, గుసగుసగా. “క్షమించు... తప్పయిపోయింది...”

ఏమోస్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా — చచ్చినవాడు తనకి క్షమాపణ చెప్పుకోవడమేమిటి?

“ఎ... ఎవర్రా అది?”

నీడ ఎగిరిపడింది. “అమ్మో! నువ్వెవర్రా?”

ఆ గొంతు ఎవరిదో ఏమోస్‌కి తెలుసు. ఎజ్రా పిన్నక్, డన్‌మీర్ కాపలాదారు.

“ఏడాదిగా జనాన్ని హడలగొడుతున్న దెయ్యానివి నువ్వట్రా!”

ఇద్దరూ చెరో గట్టు మీదా కూలబడి కడుపుబ్బ నవ్వారు. నవ్వు అయ్యాక ఎజ్రా గొంతు తగ్గించాడు.

“ఎవరికీ చెప్పకు. పోయినేడు ఇక్కడో శవాన్ని దిగువకి తోసేశాను. తెల్లారగట్ల. ఒక ప్రార్థన కూడా చెప్పలేదు.”

ఏమోస్ గుండె మీంచి బండ దించినట్టయింది. పాపం పంచుకోవడానికి మరొకడు దొరికాడు! “నేనూ తోశాను రా. అంతకుముందు రాత్రి... మీ వైపుకి.” ఆగి, భయం భయంగా అడిగాడు. “మనం తోసింది... చచ్చినవాణ్ణేగా?”

“చచ్చినవాణ్ణే. మంచుగడ్డలా ఉన్నాడు.”

ఏమోస్ కళ్లు మూసుకున్నాడు. ఏడాది తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

“కాకపోతే నన్ను నానా తిప్పలూ పెట్టావురా,” అన్నాడు ఎజ్రా. “పైకెందుకు లాగావ్? నడుందాకా మా గట్టు మీదున్నాడు. రెండు చేతులూ విల్లో చెట్టు వేరుని చుట్టుకుని ఉన్నాయి. ఒక్కో వేలూ విడదీసేసరికి తెల్లారింది. మళ్లీ ఏట్లోకి జారిపోకుండా అలా తగిలించి పోయావన్నమాట... గట్టివాడివే!”

ఏమోస్ దీపం ఎత్తి అవతలి గట్టు మీది ఆ వేరు వైపు చూశాడు.

వరద రాత్రి ఆయన ఏరు దాటనే లేదు.