మూలదర్శిని చెప్పిన పేరు

చంద్రుడి మీద మనిషి బరువు ఆరో వంతే. అందుకే ఏడో గనిలో ఎవరైనా నడుము నొప్పి అంటే నమ్మేవాళ్లుండరు. ఓదెలు నెలల తరబడి నొప్పి నొప్పి అంటుంటే, పని ఎగ్గొడుతున్నాడని మేస్త్రీ బూటుకాలితో తన్నాడు. పడ్డవాడు మళ్లీ లేవలేదు.

అన్న రాజలింగు, మరో పదిమంది కార్మికులు అతణ్ని వైద్యశాలకు మోసుకొచ్చారు. డాక్టర్ సబిత చెయ్యి వేసి చూసింది. ఒళ్లు కాలిపోతోంది.

"చెమటలు పడుతున్నాయా?"

"పరుపంత తడుస్తది డాక్టరమ్మా. కాళ్లు నాయి కానట్టే ఉన్నయి."

ఇది తన్నుతో వచ్చిన జబ్బు కాదని ఆమెకు అర్థమైంది. మూలదర్శినిని అతని వీపు మీదికి దించింది. ఆ యంత్రం సూది గుచ్చకుండానే ఎముకలో దాగిన క్రిమిని పట్టుకుని, దాని జన్యులిపిని చదువుతుంది. ఒక ఒంట్లోంచి మరో ఒంట్లోకి పోయేకొద్దీ ఆ లిపిలో చిన్న చిన్న మార్పులొస్తాయి. ఒక్కొక్కరి గదిలోని గాలి ఫిల్టర్లలో చిక్కిన క్రిములతో పోల్చి, ఎవరి నుంచి ఎవరికి సోకిందో కూడా చెబుతుంది.

"వెన్నుపూసల్లో క్షయ," అంది యంత్రం. "చీము వెన్నుపామును నొక్కుతోంది. పనిచేసే మందు పేరు తెర మీద ఉంది. మూలం కోసం వెతుకుతున్నాను."

"ఎవడు తెచ్చిండు దీన్ని?" రాజలింగు అరిచాడు.

"ఇంకెవడు? మొన్న భూమి మీంచి దిగిన ఎల్లేశుగాడే!" అన్నాడు గుంపులో ఒకడు.

"ఆగండి! ఇది ఎముక దాకా రావడానికి నెలలు పడుతుంది..."

ఆమె మాట ఎవరికీ పట్టలేదు. బయట నడవలో ట్రాలీ తోస్తున్న ఎల్లేశు మీద డ్రిల్లు కడ్డీలతో పడ్డారు. "నాకేం తెల్వదన్నా!" అంటూ అతను చేతులు అడ్డం పెట్టుకున్నాడు. ముందు చేతులు విరిగాయి. తర్వాత తల పగిలింది. అడ్డుపడబోయిన సబితను గోడకేసి కొట్టారు. ఆ తేలిక లోకంలో రక్తపు చుక్కలు ఎగిరి, నింపాదిగా నేలకు దిగాయి.

ఆయాసపడుతూ అందరూ లోపలికొచ్చేసరికి యంత్రం మాట్లాడింది.

"మూలం దొరికింది. రాజలింగు."

ఇక అతణ్నీ చంపేస్తారనుకుని సబిత గబగబా అతని ముందుకెళ్లి నిలబడింది. ఒక్క కడ్డీ కూడా లేవలేదు. ఒకడు రాజలింగు భుజం మీద చెయ్యి వేశాడు. ఇంకొకడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

"పాపం, ఆయనకేం ఎరుక? మనోడే గదా," అన్నాడు మూడోవాడు. తర్వాత ముగ్గురూ కలిసి మూలదర్శినిని తుక్కుతుక్కు చేశారు.

రాజలింగు రిపోర్టు కాగితం ఆమె ముందుకు తోశాడు. "ఎల్లేశు పేరు రాయి డాక్టరమ్మా. సచ్చినోడికి పోయేదేం లేదు."

మంచం మీంచి ఓదెలు అన్నాడు: "నా నడుముల ఉన్నది నీ రోగమేనే అన్నా. నా పేరు మీద అబద్ధం రాపియ్యకు."

రాజలింగు తమ్ముడి వైపు చూడలేదు. కడ్డీ ఎత్తి పట్టుకుని ఆమె కలం వైపే చూస్తున్నాడు.

సబిత రాజలింగు పేరే రాసింది. దెబ్బ ఆ చేతి మీదే పడింది.

ఓదెలుకు మొదటి సూదిమందు ఎడమ చేత్తో వేసింది.