తలారి రొట్టె

మా గాస్పార్ అన్నయ్యకు ఒనొరిన్ వదినతో పెళ్లయి ముప్పై ఏళ్లు. ఇన్ని పోట్లాటల తర్వాత ఇద్దరూ ప్రాణాలతో మిగలడం మా ఊరికి ఇప్పటికీ వింతే. ఆ సందర్భంగా నన్ను కూడా దిజోన్‌లో రెండొందల ఏళ్ల నాటి రెస్టారెంటుకు భోజనానికి తీసుకెళ్లారు.

మధ్యాహ్నం. తెల్లటి గుడ్డ, వెండి గిన్నెలు, వెన్నలో వేగుతున్న వెల్లుల్లి వాసన. మా పక్కనే చిన్న బల్ల, ఒకే కుర్చీ. బల్ల మీద గుండ్రటి రొట్టె, బోర్లా పెట్టి ఉంది.

మా ఫ్రాన్స్‌లో రొట్టె బోర్లా పడితే అరిష్టం. వెంటనే తిప్పేస్తాం. వదిన ఊరుకుంటుందా?

"వెండికేం తక్కువ లేదు, రొట్టె పెట్టడం మాత్రం రాదు," అంటూ చెయ్యి చాపి తిప్పేసింది.

"నన్నూ ఇలాగే తిప్పుతుంది," అంటూ అన్నయ్య ఓ ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు.

బాతు మాంసం తెస్తున్న ముసలి వెయిటర్ అన్సెల్మ్ ఆగిపోయాడు.

"అయ్యా, మింగొద్దు... ఉమ్మేయండి," అని గుసగుసలాడాడు. "అది తలలు నరికే తలారిది. ఇంకెవరూ ముట్టకూడదనే బోర్లా పెడతాం."

"తలారులు పోయి ఎన్నేళ్లయింది తాతా!" అన్నయ్య నవ్వి, మింగాడు.

పక్క కుర్చీ వెనక్కి జరిగింది. దానంతటదే.

వెన్న వాసన పోయింది. తడి రంపపు పొట్టు వాసన... తుప్పు వాసన...

కనిపించని చెయ్యేదో అన్నయ్య మెడ పట్టి మొహాన్ని బల్లకేసి మోదింది. గ్లాసులు పగిలాయి. పళ్లు విరిగిన చప్పుడు విన్నాను. వదిన భుజం పట్టుకుంది, నేను చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం లాగాం.

"తిప్పింది నేను! ఆయన్ని వదులు!" వదిన అరిచింది.

పైన కనిపించని చెక్కల మధ్య బరువైనదేదో జారింది...

ఒక్కటే దెబ్బ.

నా చేతిలో అన్నయ్య చెయ్యి సడలింది. తల తెల్లగుడ్డ మీద దొర్లి, ఉప్పు గిన్నెకు తగిలి ఆగింది. దవడ ఇంకా నములుతోంది. మా మొహాల మీద వేడి నెత్తురు.

మూడో రోజు చర్చిలో, శవపేటిక ముందు, ఊరంతా ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. కసాయి ఫిర్మేన్ అయితే, అంత నున్నగా కోయడం తన వల్ల కూడా కాదని ఒప్పుకున్నాడు. ఆయన జన్మలో ఒప్పుకున్నది అదొక్కటే.

ముందు వరుసలో వదిన, వెనకే కూర్చున్న నా వైపు వాలింది.

"ఓదిల్... నా మెడ మీద చల్లగా ఉందేమిటే?"

చూశాను. ఆమె నల్ల గౌను కాలరును ఎవరో చుట్టూ నీటుగా కత్తిరించారు. మెడ మీది జుట్టు గొరిగేశారు. గిలటిన్ కింద తల తీయబోయే మనిషిని అలా సిద్ధం చేసేవారని మాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పొద్దున ఆ గౌనుకు బొత్తాలు పెట్టింది నేనే. అప్పుడు కాలరు ఉంది.