పచ్చరంగు

ఆ ఉదయం కూడా పిచ్చుక పాలగ్లాసు ముట్టలేదు. ముద్దుకు పెట్టిన పేరే అయినా, పిల్ల ఇప్పుడు నిజంగానే పిచ్చుకంత అయిపోయింది.

తల్లి కిటికీ పక్కన గొంగళిపురుగు బొమ్మకు రంగులు అద్దుతోంది. పురుగుల్ని పెట్టెల్లో పెంచి, గుడ్డు దశ నుంచి రెక్కలొచ్చేదాకా కళ్లారా చూసి గీయడం ఆమె పని. ఆ రోజుల్లో ఆడవాళ్లెవరూ తలపెట్టని పని. బొమ్మల్లో పురుగులు ఆమెవి, ఆకులకు పచ్చరంగు వేయడం కూతురిది.

"నిన్న మళ్లీ వాంతి చేసుకుంది. దువ్వితే జుట్టు చేతికొచ్చేస్తోంది," అంది అత్తగారు. "ఇంటినిండా పురుగులుంటే పిల్ల ఎలా బాగుపడుతుందే?"

"అవి ఆకులు తప్ప ఏమీ తినవత్తయ్యా."

"నీ బొమ్మలు నా మనవరాలిని తినేస్తున్నాయి! ఆ పెట్టెలన్నా బయటికెళ్లాలి, పిల్లని తీసుకుని నేనన్నా వెళ్లాలి."

భర్త పోయాక నలుగురి నోళ్లూ మూయించి తనను ఈ పనిలో నిలబెట్టింది ఈ అత్తగారే. ఆమె నోటే ఆ మాట వచ్చేసరికి కోడలు కుంచె పక్కన పెట్టింది. లేచి పెట్టెల మూతలు తీసింది.

మొదటి పెట్టెలో పురుగులు కరకరా నములుతున్నాయి. రెండోదాంట్లోనూ అంతే. కూతురు రంగులేసే బల్లను ఆనుకున్న పెట్టెలో మాత్రం ఒక్కటీ కదల్లేదు. నల్లగా ముడుచుకుని రాలి ఉన్నాయి. అన్నిటికీ వేసింది ఒకే చెట్టు ఆకులు. మరి ఇవే ఎందుకు చచ్చాయి? ఓ ఆకు తీసి వెలుగులో పట్టి చూసింది. దాని మీద ఎండిన చుక్కలు. కుంచె విదిలిస్తే పడ్డ పచ్చరంగు.

గిరుక్కున వెనక్కి తిరిగింది. పిచ్చుక కుంచెను పెదాల మధ్య పెట్టుకుని మొన తీర్చుతోంది.

"వద్దు!" ఒక్క ఉదుటున లాగేసింది.

"నువ్వే కదమ్మా ఇలా నేర్పావు?" బిత్తరపోయింది పిల్ల.

వైద్యుడొచ్చి రంగు డబ్బా వాసన చూశాడు, పిల్ల నాలుక చూశాడు. "ఇందులో పాషాణ విషం కలుపుతారమ్మా. ఇంకొన్నాళ్లయితే నన్ను పిలిచి లాభం ఉండేది కాదు. ఇప్పుడు కూడా మాట ఇవ్వలేను."

ఆయన వెళ్లాక తల్లికి గదిలో అడుగుపెట్టే ధైర్యం లేకపోయింది. గుమ్మంలోనే కూలబడింది.

"నా చేతులతో నేనే పెట్టానత్తయ్యా..."

అత్తగారు పక్కన కూర్చుని ఆమె తలను ఒళ్లోకి లాక్కుంది. "నేను చూడకుండా పురుగుల్ని తిట్టాను. నువ్వు చూశావు. లే, పిల్ల నిన్నే అడుగుతోంది."

పిచ్చుక లేచి తిరిగేసరికి వానాకాలం గడిచిపోయింది. కుడిచేతి వేళ్లలో వణుకు మాత్రం మిగిలిపోయింది. తల్లి ఆ వేళ్లను తన చేతిలోకి తీసుకోని రోజు లేదు.