ఒక్క బెల్లు

"రేపే విమానం, పోశం. స్విట్జర్లాండ్. మంచు కొండల నడుమ చిన్న పల్లె. నువ్వు టూరిస్టువు. హైకింగ్‌కు పోతున్నవు," అన్నడు చీఫ్ ఓంప్రకాశ్.

"ఎక్కుడు నాతోని కాదు సార్. నేను దిగుడు నేర్చినోణ్ని."

"అక్కడ మీ బావ శ్యాంసుందర్ దగ్గర మెమొరీ కార్డుంది. విదేశీ ముఠా పేర్లన్నీ అందులనే. కార్డు రావాలె, మీ బావ రావాలె. ఏజెంట్ రేవతి తోడుంటది."

డిపార్ట్‌మెంటుకు రాకముందు బావ, బామ్మర్ది శ్రీరాంపూర్ బొగ్గుబాయిల పదేండ్లు చేసిండ్రు. లోపల పోశం బెల్లు కొట్టేటోడు. పైన శ్యాంసుందర్ మనుషులను దించి ఎక్కించే ఇంజను నడిపేటోడు. ఒక్క బెల్లంటే ఆగు. మళ్ల బెల్లు వచ్చేదాక కదలద్దు. కదిలితే లోపల మనిషి పోతడు.

నాలుగో రోజు. పోశం పల్లె చర్చి ముంగట బెంచీ మీద కూసున్నడు. ఎర్రటోపీ, మెడల దుర్బిని. ఎదురుంగ తెల్లటి కొండలు. కాలు మాత్రం గుమ్మడికాయంత వాచింది. నిన్న వాలు మీద బూటు అడుగు ఊడి పడ్డడు. ఆ బూట్లు రేవతి ఇచ్చినయి. నవ్వుకుంటనే ఇచ్చింది.

చెవుల వైర్‌లెస్ గరగరమన్నది. చీఫ్ గొంతు.

"పోశం! రేవతి ఆ ముఠా మనిషి. వాగు మీది కట్టె వంతెన కింద బాంబుంది. పదకొండుకు పేలుతది."

"బావకు చెప్పుండ్రి సార్!"

"రేవతి తన దగ్గర జామర్ పెట్టుకున్నది. పక్కనున్న అతనికి మన మాట అందుతలేదు. నువ్వే ఏదన్న చెయ్."

పదకొండుకు నాలుగు నిమిషాలు.

దుర్బినిల వంతెన దిక్కు పోతున్న ఇద్దరు కనవడ్డరు. ముందట రేవతి. వెనుక బావ, ఆపిల్ కొరుక్కుంట.

"బావా!" అని ఒర్లిండు పోశం. ఆవులు తలెత్తి చూసినయి. అంతే. లేచిండు, పడ్డడు. మళ్ల లేచిండు, మళ్ల పడ్డడు. "అన్నా, ఆయనను పట్టుకరా" అన్నది చెల్లె, బావ పెండ్లాం, ఎయిర్‌పోర్టుల సాగనంపుకుంట. ఇప్పుడు చేతుల ఉన్నది దుర్బిని ఒక్కటే. బావ సచ్చేది చూసుడే.

రేవతి వంతెన దాటింది. అవతల నిలవడి బావను రమ్మని చెయ్యి ఊపింది.

వెనుక చర్చి తలుపు తెరిచి ఉన్నది. లోపల గంటతాడు. పోశం పాకిండు. తాడు అందుకొని ఒళ్లు బరువంత వేసి గుంజిండు. గంట మోగింది. రెండోసారి మోగకుంట తాడును కావలించుకున్నడు.

మళ్ల పాకి, దుర్బిని పెట్టిండు.

బావ వంతెన మీదికి లేపిన కాలు లేపినట్టే వెనుకకు పెట్టిండు. రేవతి పిలుస్తనే ఉన్నది. ఆయన కదలలే.

వంతెన లేచిపోయింది.

"కార్డు?" అన్నడు చీఫ్ వైర్‌లెస్‌ల.

"బావ జేబుల భద్రం సార్. రేవతి అవతల ఇరుక్కున్నది. పోలీసులు పట్టుకున్నరు."

"మరి మీ బావ?"

"గంటసేపైంది సార్, అక్కడనే నిలవడ్డడు. ఇంకో బెల్లు కొడదామంటే పాదిరి తలుపుకు తాళమేసిండు."