అమ్మ గొంతున్న డిస్కు

ఆ ఇంట్లో పొద్దున్నే ముందుగా నోరు విప్పేది అమ్మే, ఆవిడ పోయి ఏడాది దాటినా సరే. "వీధి తలుపు గడియ పెట్టారా?" అని వంటింటి స్పీకర్లోంచి అడిగేది. "పెట్టాను" అని నాన్న బుద్ధిమంతుడిలా జవాబు చెప్పేవాడు. మతిమరుపు మొగుడితో వేగలేక, బతికుండగా ఇలాంటి హెచ్చరికలన్నీ ఆవిడే రికార్డు చేసి మెట్ల కింది సర్వర్ పెట్టెలో దాచింది. ఇంటిల్లిపాది ఫొటోలూ వీడియోలూ ఉండేది ఆ పెట్టెలోనే. ఆవిడ పోయాక అది అప్పుడప్పుడూ కీమని కూయడం మొదలుపెట్టింది. పాతబడిందిలే అని సరిపెట్టుకున్నారు.

ఈవేళ స్పీకర్ పలకలేదు. అయినా నాన్న సరిగ్గా ఆ వేళకే కాఫీ గ్లాసు దించి, "పెట్టాను" అన్నాడు.

కూతురు తలెత్తి చూసింది. "ఎవరితో నాన్నా?"

"మీ అమ్మతో. ఇంకెవరితో?" అని, కాస్త తడబడ్డాడు. "నిన్న నీ ప్లాన్లకి చోటు చాలడం లేదని గొణిగావుగా. అమ్మ రికార్డులన్నీ తీసేసి నీకు చోటు చేశాను. రెండు డిస్కులున్నాయి కదా, రెండోదాంట్లో ఉంటాయిలే అనుకున్నా. మరి పలకదేం?"

ఇళ్ళకి ప్లాన్లు గీసే ఆ పిల్లకి జరిగింది అర్థమైంది. ఆ రెండూ అద్దంలో బొమ్మలాంటివి. ఒకదాంట్లో తుడిస్తే రెండోదాంట్లోనూ ఆ క్షణమే తుడుచుకుపోతుంది. పాపం, ఈయన రెండోదాన్ని మారుతాళంచెవి అనుకున్నాడు. తనకోసం చేతులారా అమ్మని తుడిచేశాడు.

అంతలో వేరింట్లో ఉండే తమ్ముడు వీధి తలుపు భుజంతో తోసుకుని వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేయడం వాడి పని. నాలుగు డిస్కుల కొత్త పెట్టెని రెండు చేతులా మోసుకొచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"డిస్కులు ఎలా అమర్చాలో ఇవాళ తేల్చేద్దామక్కా. అన్నీ కలిపి పరిచేస్తే చోటు బోలెడు, కానీ ఒక్కటి చెడితే అన్నీ గోవిందా. అద్దంలా జతచేస్తే సగం చోటు పోతుంది."

"ముందు దీని సంగతి చూడరా" అంటూ ఆమె మెట్ల కింది పాత పెట్టె మూత తీసింది. ఒక అర ఖాళీగా ఉంది. "రెండోది ఏదిరా?"

వాడు సంచిలోంచి తువ్వాల్లో చుట్టిన డిస్కు తీశాడు. "అమ్మ పోయిన రోజు పట్టుకెళ్ళాను. మీకు రోజూ వినిపిస్తుంది, నాకేముంది అనిపించింది."

"అడిగితే కాపీ ఇవ్వనా? ఒక డిస్కు లేదని ఏడాదిగా ఇది కూస్తుంటే నోరు మూసుకుని కూర్చుంటావా? సిగ్గు లేదూ?"

"అడగలేకపోయాను. తిట్టు, పడతాను. కానీ ఒక్కసారి కూడా దాన్ని పెట్టి వినలేదక్కా. బీరువాలో బట్టల కింద దాచాను. కరెంటు లేదు, తీగ లేదు. అయినా రోజూ పొద్దున్నే బీరువాలోంచి అమ్మ గడియ సంగతి అడుగుతోంది. నాకే ఏదో అయిందనుకున్నా. మొన్న మా ఆవిడ వంటింట్లోంచి, 'పెట్టాను అత్తయ్యగారూ' అంది."

మెట్ల కింద పెట్టె కీమంది.

ఆమె డిస్కు లాక్కుని ఖాళీ అరలోకి తోయబోయింది. తమ్ముడు మణికట్టు పట్టేసుకున్నాడు. "వద్దు. ఇప్పుడు లోపలున్న డిస్కే అసలనుకుంటుంది పెట్టె. దాన్ని చూసి దీన్ని దిద్దేస్తుంది. అమ్మ దీంట్లోంచి కూడా పోతుంది."

ఆమె డిస్కుని గభాలున వెనక్కి లాగేసింది.

"వాణ్ణి తిట్టకమ్మా" అన్నాడు నాన్న. "వాడు ఎత్తుకుపోబట్టి దక్కింది. నీ మంచి కోరి నేను పోగొట్టాను. ఏం తిట్టినా నన్నే తిట్టు." కూతురు వెళ్ళి ఆయన భుజం మీద తల ఆనించింది.

నాలుగింట్లో ఏ ఒక్కటి చెడినా మిగతా మూడూ కలిసి దాన్ని తిరిగి తయారుచేసేలా అమర్చమంది ఆమె. చోటు కొంత తగ్గినా ఫరవాలేదంది. పెట్టె బయట ఇంకో కాపీ, అది తమ్ముడింట్లో, ఈసారి అందరికీ తెలిసే. తమ్ముడు ఆ డిస్కులో ఏమీ చెదరకుండా అమ్మవన్నీ కొత్త పెట్టెలోకి ఎక్కించాడు.

"ఒకసారి విందామా?" అంటూ బటన్ వైపు వేలు చాపాడు. వేలు ఇంకా ఆననేలేదు.

"వీధి తలుపు గడియ పెట్టారా?" అంది స్పీకర్.

తమ్ముడు వేలు వెనక్కి తీసుకున్నాడు. "వెళ్ళి చూడమ్మా" అన్నాడు నాన్న మెల్లగా.

ఆమె వెళ్ళింది. చేతుల్లో పెట్టెతో వచ్చిన తమ్ముడు తలుపు బార్లా తెరిచి వదిలేశాడు. మూసి గడియ పెట్టింది. ఏడాదిలో ఒక్కనాడూ ఆమె ఆ గొంతుకి బదులు చెప్పలేదు.

"పెట్టానమ్మా" అంది, కళ్ళు తుడుచుకోకుండానే.