ఆపరేషన్ గది పక్క మంచం

కోరుట్లల ఒక దవాఖాన. పేరు చెప్ప. ఆపరేషన్ గది పక్కన ఒక మంచం ఉన్నది... దానికి మంచి పేరు లేదు. దాని మీద పండినోళ్ల కాళ్లు ఎవలో లేపి పట్టుకుంటరని ఆయమ్మలు గుసగుస పెడుతరు. నేను చూడలే. మా చెల్లె పుష్ప చెప్పింది చెప్పినట్టు రాస్తున్న. ఒక్క ముక్క కలుపుడు నాకు తెల్వది.

పుష్ప కోడలు సంగీతకు నడుముల సూది పెట్టి, కడుపు కోసి ఆడపిల్లను తీసిండ్రు. ఇద్దరు బాగనే ఉన్నరన్నరు. నొప్పి తెల్వకుండ మందు పోవాలని నడుముల సన్నటి పైపు అట్లనే ఉంచి, గా మంచం మీదనే పండవెట్టిండ్రు.

చీకటి పడ్డది. కరెంటు ఒకటే వచ్చుడు — పోవుడు...

"అత్తమ్మా... నా కాళ్లు ఎవలు లేపిండ్రు?"

పుష్ప దుప్పటి తీసి చూసింది. కాళ్లు మంచం మీదనే, చక్కగ చాపి ఉన్నయి.

మొహం దిక్కు చూసింది — ఒక కంటి రెప్ప జారిపోయింది. ఆ దిక్కు చెంప ఎర్రగ, ఎండిపోయి ఉన్నది. రెండో చెంపకు చెమట కారుతున్నది. సగం మొహం ఇంకెవల్దో లెక్క...

పుష్ప బావ రాజేశం, ఆమె పెనిమిటికి అన్న, అక్కడనే ఉన్నడు. నా బిడ్డ పెండ్లిల కూరల ఉప్పు ఎక్కువైందని, నలుగుట్ల ఇస్తరాకు నూకి లేచిపోయిన మనిషి. నేను మర్వలే. సంగీతకు దయ్యం పట్టింది, ఇప్పుడే కొండగట్టు అంజన్న గుడికి తీస్కపోదామని ఆటో పిలిచిండు. పైపు గుంజుమని పుష్పకు చెప్పిండు. పుష్ప చెయ్యి పెట్టింది గూడ...

"చెయ్యి తియ్యమ్మా."

మత్తు డాక్టరమ్మ, మెహజబీన్. మెల్లగనే అన్నదట. సంగీతతోని తన వేళ్లు పిండిపిచ్చింది, ఊపిరి చూసింది, మందు బందు చేసింది. మందు నడుము నుంచి పైకెక్కిందట. ఎవలికో ఒకలికి గిట్లయితదట, తెల్లారెటాల్లకు దిగుతదట. ఇంకింత ఎక్కితే ఊపిరి ఆగుతది, అప్పుడు ఆటోల ఎవలు చూస్తరని రాజేశాన్ని అడిగింది. కాళ్లు లేచినట్టు అనిపిచ్చుడు గూడ మందుతోనే. నడుముల సూది పెట్టినోళ్లందర్ని ముందుగాల ఆ మంచం మీదనే పండవెడుతరు, గందుకే దానికి ఆ పేరు అన్నది.

సంగీతను తన గది ముంగటి మంచానికి మార్పిచ్చుకున్నది.

రాజేశంకు చిన్నతనమైంది. మందే అయితే నాకేందని, ఖాళీ అయిన మంచం మీద ముసుగు తన్నిండు.

తెల్లారింది. సంగీత రెండు కండ్లు ఇప్పి పిల్లను చూసుకున్నది. పుష్పకు పానం నిమ్మలమైంది. చాయ్ పట్టుకొని బావను లేపవోయింది.

ముసుగు తీసింది...

ఒక రెప్ప జారి ఉన్నది. ఒక చెంపకే చెమట.

"పుష్పా..." అన్నడట. "నా కాళ్లు దించుమను."

ఆయనకు ఏ సూదీ వెయ్యలే.