ఇరవై రెండు మెట్ల ఇల్లు

ఇర్మా ఇచ్చిన టిష్యూ పేపర్ మీద లిప్‌స్టిక్‌తో రెండే రెండు అంకెలు: 16, 11.00.

"పదహారో మెట్టు. పదకొండు గంటలకు పేలుతుంది," అందామె నల్లకళ్లద్దాలు తీయకుండానే. "జనం పరుగెత్తారో, ముందే రిమోట్ నొక్కే మనిషి లాబీలో ఉంటాడు. ఎవరో నాకూ తెలీదు."

దుబాయ్‌లో సత్వా పేటలోని ఆ చాయ్ దుకాణం నుంచి ఏజెంట్ మహీధర్ టిష్యూ జేబులో పెట్టుకుని లేచాడు. ఇర్మా పేరుకు జర్మన్ చరిత్రకారిణి. రహస్యాలు మాత్రం రెండు వైపులా అమ్ముతుంది. ఇవాళ ఎవరి వైపుందో దేవుడికే తెలియాలి.

అది 2006. నాలుగు వందల ఏళ్ల కిందట జర్మనీలో ఓ మిరియాల వర్తకుడు ఐదంతస్తుల మేడ కట్టించుకున్నాడు. ముంగిట రాతి సింహాలు, లోపల ఓక్ చెక్క మెట్లు. 1945 బాంబుదాడిలో ఒక్క రాత్రికే బూడిదైపోయింది. మిగిలింది కొలతల డ్రాయింగ్ ఒక్కటే. దాన్ని పట్టుకుని దుబాయ్‌లో ఒకాయన అచ్చం అలాంటి హోటల్ లేపాడు. ఇరవై రెండు మెట్ల పలకలూ జర్మనీలోనే చేయించి, వరసగా సుద్దతో నంబర్లేసి తెప్పించాడు. దారిలో విదేశీ ముఠా పదహారో పలకను తొలిచి బాంబు పెట్టింది. ఇవాళ ప్రారంభోత్సవం. పదకొండుకు మన దేశపు వాణిజ్య బృందం ఆ మెట్లెక్కాలి.

పది నలభై ఎనిమిది. కార్పెట్ పరిచే కూలీ వేషంలో మహీధర్ మెట్ల మీద మోకరిల్లాడు. కింద కొత్త యూనిఫాముల్లో నలభై మంది కూలీలు ఫొటో కోసం నిలబడ్డారు. రెండు నెలలుగా వాళ్ల క్యాంపులోనే అతని తిండీ, పడకా.

ఆఫీసువాళ్లిచ్చిన పెన్ డిటెక్టర్ బయటికి తీశాడు. కింద ఇనుప ఫ్రేమ్ ఉంది కదా, ప్రతి మెట్టు మీదా కుయ్‌మంది. విసుగ్గా జేబులో కుక్కి, కింది నుంచి లెక్కపెట్టి పదహారో పలక స్క్రూలు విప్పాడు.

పలక మామూలుగానే ఉంది. తొలిచిన జాడే లేదు.

ఇర్మా తనను అమ్మేసింది! పది యాభై ఏడు. ఒక్కో పలక విప్పడానికి మూడు నిమిషాలు. అరవడానికి లేదు, పారిపోవడానికి లేదు. నలభై మందితో పాటు తనూ పోతాడు. చావంటే భయం లేదని ట్రైనింగ్‌లో చెప్పిందంతా ఒట్టిమాటే.

"ఏందిర తమ్మీ, నా మెట్లు పీకుతున్నవ్?"

ఆ మెట్లు బిగించిన కార్పెంటర్ పోశయ్య. జగిత్యాల మనిషి.

"పోశన్నా, పలకలు వరసగానే బిగించావా?" విప్పిన పలక చూపిస్తూ అడిగాడు మహీధర్.

పోశయ్య చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "ఎవ్వలకు చెప్పకు, నౌకరి ఊడుతది. ఒక్కో మెట్టుకు లాభం, నష్టం అని లెక్కవెడితే ఇరవై రెండు నష్టం మీద ఆగుతది గదా. ముదీర్‌కు, గదే మేనేజర్‌కు, చెప్తే ఖలాస్, మాట్లాడకన్నడు. అందుకే ఓ పలక నేనే చేసి ఎక్కువేసిన."

"పైనా, కిందా?"

"కింద."

అయితే పదహారో పలక పదిహేడో మెట్టయింది! మహీధర్ స్క్రూడ్రైవర్ పెట్టాడు. చెమటకు చెయ్యి జారుతోంది. పోశయ్య అతని చేతిలోంచి దాన్ని లాక్కుని నాలుగు స్క్రూలూ చిటికెలో ఊడదీశాడు.

పలక పొట్టలో ఎర్రలైటు మినుకుమంటోంది.

"ఇదేంది తమ్మీ?"

"మాట్లాడకన్నా. పలక కదలకుండా పట్టుకో."

కట్టర్ తీగ మీద ఆనించాడు. అమ్మను తలుచుకుని కత్తిరించాడు.

ఎర్రలైటు ఆరిపోయింది. టైమర్ మీద ఎనిమిది సెకన్లు మిగిలాయి.

కింద బ్యాండు మోగింది. లాబీలో ఒక్కడు మాత్రం చప్పట్లు కొట్టకుండా మొబైల్‌ను పదే పదే నొక్కుతున్నాడు. మహీధర్ కబురుతో అక్కడే కాచుకున్న మఫ్టీ పోలీసులు వాడి రెక్కలు విరిచి పట్టుకున్నారు.

సాయంత్రం అసలు ఇంటితో పోల్చి చూడ్డానికి డ్రాయింగ్‌తో వచ్చిన ఇర్మా మెట్లు లెక్కపెట్టి ముఖం చిట్లించింది. "ఇరవై మూడా! అసలు ఇంటికి ఇరవై రెండే. ఈ తప్పెవరిది?"

మహీధర్ దాన్ని తెలుగులో చెప్పాడు. పోశయ్య గడ్డం గోక్కున్నాడు.

"అసలు ఇల్లు ఏమైంది తమ్మీ?"

"కాలిపోయిందన్నా."

"కాలదా మరి? ఇరవై రెండాయె."